అరమండి భారం: గోదావరి డెల్టా నర్తకీమణుల దేహచరిత్ర

గోదావరి డెల్టా నాట్యచరిత్రను రాసినవారు ఆలయాలను, శాసనాలను, క్షేత్రయ్య పదాలను, పోషకులైన జమీందారులను, ఆ వృత్తిని నిర్మూలించిన సంస్కరణోద్యమాన్ని విస్తారంగా పరిశీలించారు గాని, ఆ నాట్యాన్ని తరతరాలుగా మోసిన మోకాళ్లను, మడమలను, నడుములను దాదాపు పట్టించుకోలేదు. ద్రాక్షారామం, ముమ్మిడివరం, కోటిపల్లి, మురమండ, పెద్దాపురం, పశ్చిమాన బల్లిపాడు వంటి ఊళ్లలో ఆలయసేవ, కచేరీ వృత్తిగా జీవించిన కళావంతులు, అంటే తల్లి నుంచి కూతురికి నృత్యగానాలు వారసత్వంగా అందిన కుటుంబాల స్త్రీలు, తమ ఒంటి నొప్పుల గురించి గ్రంథాలు రాయలేదు. అయినా వారి సాధనపద్ధతిలో, ప్రదర్శన క్రమంలో, చివరికి వారి కళలో ఏది మిగిలింది, ఏది పోయింది అన్న విషయంలో కూడా ఆ దేహభారం ఆనవాళ్లు కనిపిస్తాయి.

ఆంధ్రదేశపు శాస్త్రీయ నాట్యరీతులకు మూలమైన నిలుపు అరమండి. పాదాలు రెండు పక్కలకూ తిప్పి, మోకాళ్లు వంచి, నడుము నిటారుగా నిలిపి సగం కూర్చున్నట్లు ఉండే ఈ భంగిమలో మోకాళ్లు పక్కలకు తెరుచుకోవడానికి కావలసిన తిరుగుడు నిజానికి తుంటి కీలు నుంచి రావాలి. తొడ ఎముక తల తుంటి గిన్నెలో ఎంతవరకు తిరుగుతుందన్నది కొంత పుట్టుకతో వచ్చేది, కొంత ఎముకలు ముదరకముందే చేసిన సాధనతో వచ్చేది కనుక, చిన్నతనంలోనే నట్టువాంగం చేసే గురువు ముందు నిలబెట్టే వారసత్వ శిక్షణలో శరీరం ఆ నిలుపుకు నెమ్మదిగా అలవాటు పడే అవకాశం ఉండేది. తుంటి సహకరించనప్పుడు నర్తకి పాదాలను మాత్రం బలవంతంగా బయటికి తిప్పుతుంది. అప్పుడు ఆ మెలి మోకాటి లోపలివైపు స్నాయువుల మీద, అంటే ఎముకను ఎముకకు కట్టి ఉంచే పట్టీల మీద పడుతుంది, చీలమండ లోపలికి వాలుతుంది, కటిభాగం ముందుకు ఒరిగి నడుము వంపు పెరుగుతుంది. మోకాలు ఎంత వంగితే తొడ ముందుభాగపు కండరం మోకాటి చిప్పను తొడ ఎముకకు అంత గట్టిగా అదుముతుంది కాబట్టి, గంటల తరబడి అరమండిలో నిలిచే నర్తకికి మెట్లు దిగేటప్పుడు చిప్ప వెనుక వచ్చే నొప్పి ఆశ్చర్యకరమైనది కాదు.

ఐరోపా బాలేలో కూడా ఇదే తుంటి తిరుగుడు పునాది. అక్కడి గాయాలు మాత్రం పాదం కొసకు చేరాయి. 1832లో పారిస్‌లో ‘లా సిల్ఫీద్’ ప్రదర్శనలో మరీ తాల్యోని కాలివేళ్ల కొనల మీద నిలిచి నాట్యమాడిన తరువాత ఆ పద్ధతి బాలేకు గుర్తుగా మారింది. దానితో మడమ వెనుక కండర రజ్జువు వాపు, బొటనవేలిని వంచే కండర రజ్జువు ఒరిపిడి, అరికాలి ఎముకల్లో సన్నని పగుళ్లు ఆ వృత్తికి సహజ వ్యాధులయ్యాయి. గోదావరి నర్తకి వేళ్ల కొసల మీద నిలవదు, చెప్పులు తొడగదు. ఆమె అరిపాదమంతా నేలను తడుతుంది. ప్రతి తట్టుకూ మడమ కింది కొవ్వుమెత్త, అరికాలిలో మడమ నుంచి వేళ్ల దాకా సాగిన పట్టీ, ముంగాలి ఎముక దెబ్బ తింటాయి. మడమ శూల, పిక్క పట్టేయడం, అరికాలి చర్మం మొద్దుబారి పగలడం, గజ్జెల తాడు ఒరిసి చీలమండ మీద పడే పుండ్లు ఈ నాట్యానికి సొంతమైన బాధలు.

నేల సంగతి ఇక్కడ కీలకం. ద్రాక్షారామ భీమేశ్వరాలయం వంటి చోట్ల సేవానృత్యం రాతిపరుపు మీద సాగేది. ఊరేగింపుల్లోనూ పెళ్లి పందిళ్లలోనూ అది అలికిన నేల మీదో, వీధి మట్టి మీదో జరిగేది. రాయి దెబ్బను తిరిగి కాలికే పంపుతుంది, మట్టి కొంత మింగుతుంది. నేడు డెల్టా పట్టణాల్లో నృత్య పాఠశాలలు సిమెంటు గచ్చు, గ్రానైటు, టైల్స్ మీద నడుస్తున్నాయి. బాలే శిక్షణాలయాల్లో కింద గాలి ఖాళీ వదిలి పరచే చెక్క నేల మన పాఠశాలల్లో అరుదు. ఈ విషయంలో పాత పందిరి మట్టినేలే పిల్లల కాళ్లకు ఎక్కువ దయ చూపిందని చెప్పవలసి ఉంటుంది.

శాస్త్రకారులు ఈ శ్రమను ఎరుగుదురు. నాట్యశాస్త్రం చారీవిధానాన్ని, అంటే కాళ్ల కదలికల పద్ధతిని చెప్పే అధ్యాయంలో వ్యాయామానికి ముందు ఒంటికి నువ్వులనూనె గాని యవల గంజి గాని పట్టించి మర్దన చేయాలని, నేలే వ్యాయామానికి తల్లి వంటిదని, ఆకలి దప్పులతో గాని అతిగా తిని గాని అలసి గాని సాధన చేయరాదని నిర్దేశిస్తుంది. నర్తకి పోషణను, బలాన్ని, సాధనను ఒకే గొలుసుగా చూసిన ఈ దృష్టి ఆధునిక క్రీడావైద్యానికి దూరమైనది కాదు. డెల్టా ఇళ్లలో కీళ్ల నొప్పులకు, బెణుకులకు ఆముదం మర్దన, వావిలాకు మరిగించిన నీళ్ల స్నానం, మూటగట్టిన ఉప్పు కాపడం నేటికీ వాడుకలో ఉన్నాయి. పొలం పనివారి నడుముకూ ఆటకత్తె మోకాలికీ వైద్యం ఒక్కటే.

అయితే దేహరక్షణకు అన్నిటికంటే బలమైన ఏర్పాటు ప్రదర్శన క్రమంలోనే ఉంది. కళావంతుల మేళంలో సలాం దరువు, శబ్దం, వర్ణం వంటి అడుగుల పని ఉన్న అంశాల తరువాత పదాలకు, జావళులకు వచ్చేసరికి నర్తకి కూర్చునే పాడుతూ అభినయించే పద్ధతి ఉండేది. కనుబొమలు, చూపులు, హస్తాలు, గొంతు ఒక్క పల్లవిని పది విధాల విప్పుతుండగా మోకాళ్లు విశ్రాంతి తీసుకునేవి. దీనిని కేవలం రసిక సంప్రదాయంగా వర్ణించడం పరిపాటి గాని, రాత్రి పొద్దుపోయేదాకా సాగే మేజువాణీ కచేరీలో ఇది శ్రమ విభజన కూడా. వయసు మళ్లిన నర్తకి నృత్తాన్ని, అంటే అర్థంతో పనిలేని లయాత్మక అడుగుల భాగాన్ని, చిన్నవారికి వదిలి పదాభినయంలో ప్రౌఢగా నిలవగలిగేది. కళావంతులు ఆడిన గొల్లకలాపంలో గొల్లభామ బ్రాహ్మణుడితో వాదిస్తూ పిండోత్పత్తి క్రమాన్ని, తల్లి గర్భంలో దేహం ఏర్పడే తీరును వివరించే ఘట్టం ఉంటుంది. దేహాన్ని గురించి వేదికపై అంత నిశితంగా మాట్లాడిన స్త్రీల దేహాలపై ఎవరూ వ్యాఖ్య రాయలేదు.

అన్ని అంశాలూ ఇంత కరుణతో కట్టినవి కావు. ఆంధ్ర ఆలయనృత్యంలోని సింహనందినిలో నర్తకి 128 అక్షరాల సింహనందన తాళానికి, నేలపై పరచిన రంగుపొడి మీద పాదాలతోనే సింహం బొమ్మ గీస్తుంది. మడమతో వంపు లాగుతూ, బొటనవేలితో గీత తేలుస్తూ, లయ తప్పకుండా ఒంటికాలి మీద బరువు నిలపవలసిన ఈ పనిలో పాదపు చిన్న కండరాలు పడే శ్రమ కూచిపూడి తరంగంలో పళ్లెం అంచును పట్టి నిలిచే శ్రమకు తీసిపోదు. ద్రాక్షారామ ప్రాంతంలోని పురుషుల వీరనాట్యంలోనైతే గాయం ప్రమాదం కూడా కాదు: వీరణాల మోతకు వీరభద్రుని ఆవాహన చేసి నారసాలు, అంటే ఇనుప శూలాలు, ఒంటికి గుచ్చుకోవడం అక్కడ భక్తికి ప్రమాణం.

1874లో వివేకవర్ధని పత్రికను ప్రారంభించిన కందుకూరి వీరేశలింగం భోగంమేళాలను, అంటే కళావంతుల నృత్యమేళాలను, తీవ్రంగా ఖండించారు. సంస్కర్తల వాదంలో నర్తకి నీతి సమస్యగా కనిపించిందే గాని కష్టజీవిగా కాదు. సమర్థకుల వాదంలో ఆమె కళా సంపద. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం ఆలయాల్లో, ఊరేగింపుల్లో స్త్రీల నృత్యాన్ని కుంభహారతితో, అంటే దేవుడికి కుండ దీపంతో ఇచ్చే హారతితో, సహా నిషేధించింది. పిల్లలను ఆలయానికి అంకితం చేసే ఆచారం ఆగడం అవసరమే. కాని దానితో పాటు సాధన కూడా చాలావరకు ఆగిపోయింది. రోజూ అరమండిలో నిలిచే దేహం ఏళ్ల తరబడి నిలవడం మానితే తొడ కండరం సన్నబడుతుంది, తుంటి బిగుస్తుంది, పాత నొప్పులు మిగులుతాయి.

1970 ప్రాంతంలో నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పాతతరం కళావంతులను వెతికి వేదికపైకి తెచ్చి, వారి కళకు ఆంధ్రనాట్యమని పేరు పెట్టి ప్రచారం చేసేనాటికి, చట్టం వచ్చినప్పుడు యువతులుగా ఉన్నవారు నడివయసుకు చేరారు. బల్లిపాడు సరిదె మాణిక్యమ్మ అధ్యాత్మ రామాయణ కీర్తనలకు చేసిన అభినయం, ముమ్మిడివరం అన్నాబత్తుల సోదరీమణుల పదాలు, కలాపాలు ఆ తరం నుంచి అందినవే. 1990ల దశకంలో నర్తకి స్వప్నసుందరి విలాసినీ నాట్యం పేరుతో ఇదే సంప్రదాయాన్ని తిరిగి కూర్చారు. ఈ సేకరణల్లో పదాభినయం పుష్కలంగా, గురువు నోటి నుంచి, ముఖం నుంచి నేరుగా దొరికింది. అడుగుల భాగం మాత్రం చాలావరకు జ్ఞాపకం నుంచి, గ్రంథాల నుంచి, శిల్పాల నుంచి తిరిగి కట్టుకోవలసి వచ్చింది. కూర్చుని చేయగలిగినది నిలిచింది. నిలబడి, మోకాళ్లు వంచి, నేలను తట్టి చూపవలసినదాన్ని చూపడానికి ఆ మోకాళ్లు అప్పటికే సిద్ధంగా లేవు.