కువైట్ వాచీ ఎందుకు ఆగుతోంది?

పాత క్రోనోగ్రాఫ్ వాచీ కాసేపు నడిచి ఆగిపోతూ ఉంటే, లోపల ఏ భాగం విరిగిందోనని అడగడం మామూలే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి ఊళ్ల బీరువాల్లో మిగిలిన పాత వాచీల విషయంలో అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది ఏ దారిన ఇక్కడికి వచ్చింది, వచ్చాక ఏ సామాను పెట్టి దీన్ని బాగుచేశారు? ఇలాంటి వాచీ ఆగడానికి మూలం చాలాసార్లు నిన్నటి లోపం కాదని నా వాదన. విడిభాగాలు దొరకని రోజుల్లో ఎలాగోలా నడిపించడానికి చేసిన సర్దుబాట్లే దాన్ని ఈనాడు ఆపుతున్నాయి. ఆ సర్దుబాట్లకు కారణం రిపేరు చేసినవాళ్ల చేతగానితనం కాదు, ఆనాటి విడిభాగాల కరువు.

1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ సహకారంతో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల తయారీ మొదలైంది. జనతా, పైలట్ వంటివి రోజూ కీ ఇచ్చే మూడు ముళ్ల వాచీలు. వాటి నిర్మాణం సాదా, భాగాలు దేశంలోనే దొరికేవి. క్రోనోగ్రాఫ్ సంగతి వేరు. మామూలు వాచీకి స్టాప్‌వాచీ జోడించిన ఆ యంత్రం మనకు దాదాపుగా విదేశీ సరుకే. విదేశీ వాచీని ప్రభుత్వం ఎలా చూసిందో 1962 కస్టమ్స్ చట్టంలోని 123వ సెక్షన్ చెబుతుంది. దొంగరవాణా సరుకన్న సహేతుకమైన నమ్మకంతో పట్టుకుంటే, అది కాదని రుజువు చేసుకునే భారం ఎవరిదగ్గర దొరికిందో వాళ్లదేనని ఆ సెక్షన్ అంటుంది. అది వర్తించే సరుకుల జాబితాలో బంగారం పక్కనే వాచీ ఉంది. బంగారం వ్యాపారానికి పేరుపడ్డ ప్రొద్దుటూరుకు ఈ సంగతి అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. 1968 నుంచి 1990 దాకా బంగారం నియంత్రణ చట్టం కింద బతికిన ఊరది.

ఈ నేపథ్యంలోనే కడప జిల్లా నుంచి కువైట్‌కు వలసలు పెరిగాయి. సెలవుకు వచ్చేవాళ్ల చేతికి జపాను వాచీ ఉండేది. వాచీ వచ్చింది కానీ, దాని స్ప్రింగులు, చక్రాలు చిన్న ఊరి రిపేరు బల్ల దాకా సులువుగా చేరే దారి లేదు. ఆ తరం వాచీలకు సీకో 6139 మంచి ఉదాహరణ. ప్రపంచంలో తొలి ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్‌లుగా 1969లో బయటికొచ్చిన మూడింటిలో ఇదొకటి. వ్యోమగామి విలియం పోగ్ స్కైలాబ్‌లోకి తీసుకెళ్లింది కూడా ఈ రకాన్నే. దీనికి తల తిప్పి కీ ఇచ్చే ఏర్పాటు లేదు, చేతి కదలికతోనే స్ప్రింగు చుట్టుకోవాలి. మామూలుగా నడిచే సెకను ముల్లు కూడా వేరుగా లేదు. అందుకే చాలామంది పై మీట నొక్కి, స్టాప్‌వాచీ ముల్లునే సెకను ముల్లుగా ఏళ్ల తరబడి తిప్పుతూ వచ్చారు.

కాబట్టి ఆగే వాచీని విప్పకముందు అది ఎప్పుడు ఆగుతోందో గమనించాలి. బీరువాలోంచి తీసిన 6139 నడవకపోతే అది రోగమే కాకపోవచ్చు, చేతికి పెట్టుకుని కాసేపు ఆడించి చూడాలి. రోజంతా చేతికి ఉన్నా, తీసి బల్ల మీద పెట్టిన రెండు మూడు గంటలకే ఆగితే, స్ప్రింగు నీరసించిందో, చుట్టుకోవడం లేదో, లేక మరో వాచీ స్ప్రింగును తెచ్చి ఇందులో ఇరికించారో చూడాలి. అర్ధరాత్రి దగ్గర్లో ఆగితే అనుమానం తేదీ, వారం మార్చే చక్రాల మీదికి పోతుంది. ఆ వేళ స్ప్రింగు బలంలో కొంత వాటికే ఖర్చవుతుంది. మీట నొక్కినప్పుడే ఆగే జబ్బు వాల్జూ 23 వంటి స్విస్ యంత్రాల్లో ఎక్కువ. వాటిలో ఒక చక్రం పక్కనుంచి వచ్చి స్టాప్‌వాచీ చక్రాన్ని కలుస్తుంది. పళ్లు ఎంత లోతుకు దిగాలో ఒక చిన్న స్క్రూ నిర్ణయిస్తుంది. లోతు ఎక్కువైతే వాచీ బిగుసుకుంటుంది, తక్కువైతే ముల్లు గెంతుతుంది. సెకను ముల్లు 60 దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఆగితే, నిమిషాల చక్రాన్ని నెట్టే వేలు మరీ లోపలికి దిగిందన్నమాట. సీకోలో స్టాప్‌వాచీని కలిపే క్లచ్ నిలువుగా ఉంటుంది కనుక మీట నొక్కినా బ్యాలెన్సు చక్రం ఊపు పెద్దగా తగ్గదు. అయితే ఆ క్లచ్‌లోకి నూనె చేరితే వాచీ నడుస్తూనే ఉంటుంది, ముల్లు మాత్రం నిలిచిపోతుంది. ఇన్నిటి మధ్య అసలు సాక్ష్యం స్విస్ యంత్రాల్లో పళ్ల లోతును నిర్ణయించే ఆ చిన్న స్క్రూ గాడిలో దొరుకుతుంది. గాడి నలిగి ఉంటే ఎవరో దాన్ని తిప్పారు. ఎందుకు తిప్పారు? అరిగిన చక్రానికి బదులు కొత్తది దొరక్క, ఉన్నదాన్నే ఇంకాస్త లోపలికి జరిపారు. అరుగుదలను అది కొన్నాళ్లు కప్పిపెట్టింది, ఇప్పుడు వాచీని ఆపుతోంది.

దీనికి ఎదురు ప్రశ్నలు లేకపోలేదు. నలభై డిగ్రీలు దాటే ఎండ, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు సున్నపురాతి దుమ్ము చాలవా, చరిత్ర దాకా ఎందుకని అడగవచ్చు. వేడికి నూనె ఎండుతుంది, రబ్బరు వాషరు గట్టిపడి దుమ్ము లోపలికి పోతుంది. నిజమే. ఎండిన నూనె ఒక్కటే కారణమైతే మాత్రం శుభ్రంచేసి కొత్త నూనె వేయగానే వాచీ నడవాలి. సర్వీసింగు అయ్యాక కూడా ఆగే వాచీల సంగతికి ఆ జవాబు చాలదు. రెండో ఆక్షేపణ మరింత కటువైనది. రకరకాల భాగాలు కలిపి, డయలుకు కొత్త రంగు వేసిన భారతీయ వాచీలను విదేశీ సేకర్తలు ‘ముంబై స్పెషల్’ అని ఎగతాళి చేస్తారు. పెట్రోలుతో కడిగి, దొరికిన స్ప్రింగు బిగించిన పనిని గొప్పదని ఎవరూ అనరు. అయితే కంపెనీ భాగం చేతికి అందనప్పుడు ఆ మెకానిక్ ముందున్నవి రెండే దారులు: వాచీని పారేయమనడం, లేదా ఉన్నదానితో నడిపించడం. రెండోది ఎంచుకున్నందుకే ఆ వాచీలు ఇంకా మన చేతిలో ఉన్నాయి. ఇక టైటాన్ క్వార్ట్జ్ వాచీలు 1987లో వచ్చి ఈ వృత్తిని ముగించాయన్నది సగం నిజం. అవి కొత్త వాచీల గిరాకీని లాక్కున్నాయి. పాత వాచీల మరమ్మతు అవసరం అలాగే ఉండిపోయింది, దాన్ని నేర్చే కుర్రవాళ్లే కరువయ్యారు. హెచ్‌ఎంటీ వాచీల విభాగం మూసివేతకు కేంద్రం 2016లో ఆమోదం తెలిపాక ఆ బల్ల దగ్గర కూర్చునే కారణం ఇంకొకటి పోయింది.

వాచీ మూత లోపలివైపు రిపేరు తేదీ, గుర్తు సన్నగా గీసి ఉంచడం ఈ వృత్తిలో పాత ఆచారం. కొత్త భాగం కోసం డబ్బు పెట్టేముందు ఆ గీతలు చదివించండి. వాచీ ఏ వేళకు, ఏ మీట నొక్కితే ఆగుతోందో వారం రోజులు కాగితం మీద రాసి మెకానిక్ చేతికివ్వండి. బాగుచేశాక ఏది మార్చారో, ఏది జరిపారో ఆయనచేత రాయించుకుని వాచీతోపాటే దాచండి.