మూలన పెట్టిన మోటారు సైకిలు ఎందుకు మొరాయిస్తుంది? – ఒక చిన్న చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, రాజుల గురించీ యుద్ధాల గురించీ రాయగలిగిన పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారని మనవి చేసుకున్నాను. నేను మన శాఖ వర్క్‌షాపులో 31 ఏళ్ళు పనిచేసినవాణ్ణి. నాకు తెలిసిన చరిత్రంతా ఇనుముకూ, పెట్రోలుకూ, మసికీ సంబంధించినది. అందుచేత మనలో చాలామంది ఇళ్ళల్లో మెట్ల కింద పాత దుప్పటి కప్పుకుని నిలబడి ఉన్న మోటారు సైకిలు గురించే రాస్తున్నాను.

ఆరు నెలలు పిల్లల దగ్గర ఉండి వచ్చి కిక్కు కొడితే అది పలకదు. పలికినా, చోకు వేసి ఉన్నంతసేపు ఆడి, చోకు తీయగానే ఆగిపోతుంది. ఈ జబ్బు మన తండ్రుల నాటి నుంచీ ఉంది. అయితే లక్షణం అదే అయినా కారణం కాలంతో పాటు మారిపోయింది. పాత కారణాన్నే పట్టుకుని వెదకడం వల్ల ఇంజనులో ఏ లోపమూ లేని బళ్ళు పాత ఇనుము కొట్టుకు పోవడం నా కళ్ళారా చూశాను. ఈ వ్యాసం రాయడానికి ముఖ్య కారణం అదే.

మన దేశంలో బుల్లెట్టు కథ సైన్యంతో మొదలైంది. సరిహద్దుల్లో గస్తీ తిరగడానికి 350 సీసీ బుల్లెట్ల కోసం 1952లో ఆర్డరు వెళ్ళింది. 1955లో ఇంగ్లండు కంపెనీ, మద్రాసు మోటార్సు కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాయి. మరుసటి ఏడు మద్రాసు పక్కన తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ తెరిచారు. మొదట్లో విడిభాగాలు ఓడ మీద వచ్చేవి, ఇక్కడ బిగించేవారు. 1956 ఆఖరుకు అలా తయారైనవి 163 బళ్ళు మాత్రమే. 1961లో మైసూరు నుంచి జావాలు వచ్చాయి. పోలండు నమూనా మీద ఎస్కార్ట్స్ వారు తయారుచేసిన రాజ్‌దూత్ కూడా ఆ దశాబ్దంలోనే పల్లెల దాకా చేరింది. మోటారు సైకిలు అడ్వాన్సుకు దరఖాస్తు పెట్టి, మంజూరు ఉత్తర్వు కోసం ఎదురుచూసి, ఆ పైన నెలనెలా జీతంలో కోత పడటం మన సభ్యులకు నేను గుర్తు చేయనక్కర్లేదు.

అంత కష్టపడి కొన్న బండిని నెలల తరబడి పక్కన పెట్టడం ఆ రోజుల్లో అరుదు. చాలామందికి ఆ అవసరం మొదటిసారి 1973 చివర్లో వచ్చిందనుకుంటాను. అక్టోబరులో జరిగిన అరబ్బు–ఇజ్రాయెల్ యుద్ధం తర్వాత ముడి చమురు ధర కొద్ది నెలల్లోనే పీపాకు సుమారు 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దరిదాపులకు పోయింది. నేనప్పుడు ఐటిఐ విద్యార్థిని. మా మేనమామ గారు బండిని వసారాలో నిలబెట్టి మళ్ళీ సైకిలెక్కారు. తిరిగి బండి తీసిన రోజున మెకానిక్కు వచ్చి చేసిన మొదటి పని పాయింట్ల మూత విప్పడం. ఆ రోజుల్లో అదే సరైన పని.

పాయింట్లంటే ఏమిటో కుర్రవాళ్ళ కోసం చెబుతాను. పెట్రోలు మండటానికి నిప్పురవ్వ కావాలి. ఇంజను తిరిగే కొద్దీ రెండు చిన్న లోహపు ముక్కలు కలుసుకుని విడిపోతుంటాయి. విడిపోయిన క్షణాన కాయిల్లో వేల వోల్టులు పుట్టి ప్లగ్గు దగ్గర రవ్వ రాలుతుంది. బండి కదలకుండా ఉంటే ఆ ముక్కల మీద తుప్పు వంటి సన్నని పొర కడుతుంది. పాత బళ్ళలో ఉన్నది 6 వోల్టుల బ్యాటరీ. ఆ కాస్త కరెంటు ఈ పొరను దాటలేదు. ఉప్పుగాలి తగిలే కాకినాడలో ఉన్నప్పుడు రెండు నెలలకే పాయింట్లు పట్టేసిన బళ్ళు వచ్చేవి. అనంతపురం బదిలీ అయ్యాక ఏడాది నిలిచిన బండి కూడా పాయింట్ల దగ్గర ఇబ్బంది పెట్టేది కాదు. సన్నని గరుకు కాగితంతో రుద్ది, ఫీలర్ గేజితో సందు సరిచూస్తే చాలు. బుల్లెట్టుకైతే 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. పావుగంట పని.

బ్యాటరీ సంగతి వేరు. సీసం–ఆమ్లం బ్యాటరీ ఊరికే ఉన్నా తనంతట తాను దిగిపోతుంది. దిగిన స్థితిలో నెలలు గడిస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్ళీ చార్జి పట్టదు. ఫ్లైవీల్ మాగ్నెటో మీద నడిచే పాత బజాజ్ స్కూటరుకు ఈ గొడవే లేదు. దాన్ని ఒక పక్కకు వంచి, కార్బొరేటర్లోకి పెట్రోలు దిగిందనుకున్నాక కిక్కు కొట్టేవాళ్ళం. ఆఫీసు వదిలే వేళకు స్టాండు దగ్గర వరసగా స్కూటర్లు వంగి లేవడం మీ కళ్ళకు కట్టే ఉంటుంది.

టూ స్ట్రోకు బళ్ళకు పెట్రోల్లోనే ఆయిలు కలిపేవాళ్ళం, లీటరుకు 40–50 మిల్లీలీటర్లు. బండి నిలిస్తే పెట్రోలు ఆవిరై పోయి ఆయిలు మాత్రం కార్బొరేటరు అడుగున జిడ్డుగా మిగిలేది. దాన్ని కడిగేస్తే సరిపోయేది.

బుల్లెట్టు స్టార్టు చేయడం ఒక విద్య. తాళం తిప్పి, కిక్కును మెల్లగా నొక్కుతూ ఆమ్మీటరు ముల్లును చూడాలి. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు ముల్లు డిశ్చార్జి వైపు ఒరుగుతుంది, విడిపోగానే మధ్యకు వస్తుంది. అక్కడ ఆపి, డీకంప్రెషర్ మీట నొక్కి పిస్టన్‌ను కాస్త దాటించి, మీట వదిలి, అప్పుడు నిండుగా కిక్కు కొట్టాలి. తొందరపడితే కిక్కు ఎదురు తన్ని పిక్క పగిలేది. ఈ ముల్లు స్టార్టు చేయడానికే కాదు, రోగ నిర్ణయానికి కూడా పనికొస్తుంది. ఇంజను తిప్పుతున్నా ముల్లు అసలు కదలకపోతే పాయింట్లు గానీ, బ్యాటరీ గానీ, మధ్యలో తీగ గానీ పనిచేయడం లేదన్నమాట. ముల్లు చక్కగా ఊగుతుంటే పాయింట్ల దాకా కరెంటు సవ్యంగా వస్తున్నట్లే. ప్లగ్గు రవ్వ ఒకసారి చూసుకుని, ఇక పెట్రోలు వైపు చూడాలి. ఈ సంగతి నాకు ఒక సీనియర్ మేస్త్రీ నేర్పారు. చాలామంది మెకానిక్కులు ఆ ముల్లును అలంకారం అనుకుంటారు.

1980ల మధ్యలో జపాను సాంకేతికతతో 100 సీసీ బళ్ళు వచ్చాయి. 1985లో హీరో హోండా సిడి 100, అదే ఏడాది యమహా ఆర్ఎక్స్ 100. కొత్త బళ్ళలో పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ క్రమంగా మామూలైపోయింది. అరిగే ముక్కలు లేవు, పొర కట్టే ముక్కలు లేవు. నిలిచిన బళ్ళ రోగాల్లో సగం దానితో పోయాయని చెప్పవచ్చు. కానీ అదే కాలంలో రెండో సగం ముదరడం మొదలైంది. అది పెట్రోలు వైపు సగం.

2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం కలపని పెట్రోలే అమ్మారు. పిల్లల ఆరోగ్యానికి అది చాలా మంచి పని. 2003 జనవరిలో తొమ్మిది రాష్ట్రాల్లో పెట్రోలుకు 5 శాతం ఇథనాల్ కలపాలని నిర్ణయించారు. ఆ తొమ్మిదింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అమలు చాలా ఏళ్ళు ఒడుదొడుకులతో సాగింది. 2022 జూను నాటికి దేశంలో సగటు 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. చెరకు, మొక్కజొన్న, బియ్యం నుంచి వచ్చే ఇథనాల్ వల్ల దిగుమతి ఖర్చు తగ్గుతుంది, రైతుకు బేరం దొరుకుతుంది. దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వట్టి పెట్రోలు నీటిని దాదాపు కలుపుకోదు. ఇథనాల్ కలిసినది కొంతవరకు కలుపుకుని, హద్దు దాటాక నీరూ ఇథనాలూ కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కు దిగుతాయి. పెట్రోలు కుళాయి ఉండేది ఆ అడుగునే. పాత బళ్ళ రబ్బరు వాషర్లు కూడా ఇథనాల్‌కు ఉబ్బి మెత్తబడతాయి. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బళ్ళలో దీనికి తట్టుకునే సామగ్రి వాడుతున్నారు. మన బళ్ళు అంతకు ముందువి.

2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చి దేశమంతా ఒక్కసారిగా బళ్ళు ఆపేసినప్పుడు ఈ రెండో సగం అందరికీ తెలిసొచ్చింది. నా మిత్రుడొకాయన ఆ ఫిబ్రవరిలోనే భార్యతో కలిసి అమెరికాలో కూతురి దగ్గరికి వెళ్ళి, విమానాలు ఆగిపోయి అక్కడే చిక్కుకుని, 2021 డిసెంబరులో తిరిగొచ్చారు. ఆయన బుల్లెట్టు 1987 నాటిది. అడ్వాన్సు తీసుకుని కొన్నదే. ఇద్దరు పిల్లల పురుళ్ళకూ భార్యను ఆసుపత్రికి దాని మీదే తీసుకెళ్ళారు. ఆర్‌సి గడువు ఫిబ్రవరితో ముగుస్తోంది. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి పొడిగింపు కావాలి, బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు బండి నడిచి చూపాలి. కొత్త బ్యాటరీ వేసినా బండి చోకు మీద నాలుగు క్షణాలు ఆడి ఆగిపోతోంది. ఒక మెకానిక్కు పాయింట్లూ కండెన్సరూ మార్చాడు. మరొకాయన రింగులు పోయాయి, ఇంజను విప్పాలన్నాడు. కొడుకు ఫోన్లో, ‘ఎందుకు నాన్నా, పాత ఇనుముకు ఇచ్చేయండి’ అన్నాడట. ఆయన నాకు ఫోను చేసి, ‘ఒకసారి రావోయ్, నువ్వు కూడా కాదంటే ఇచ్చేస్తాను’ అన్నారు.

వెళ్ళి తాళం తిప్పి కిక్కు మెల్లగా నొక్కాను. ముల్లు చక్కగా ఊగింది. పాయింట్లలో తప్పు లేదని అక్కడే తేలిపోయింది. ట్యాంకు మూత తెరిస్తే పాత వార్నిషు కంపు. ప్లగ్గు తీసి, పెట్రోలుకు దూరంగా పెట్టి చూస్తే రవ్వ నీలంగా ఉంది. కిక్కు మాత్రం బరువుగా ఉంది, కానీ అది రింగుల లోపం కాదు. పాత బుల్లెట్లలో ఆయిలు ట్యాంకు ఇంజనులోనే ఒక పక్కన ఉంటుంది. బండి నెలల తరబడి నిలిస్తే ఆయిలు పంపు సందుల్లోంచి క్రాంకు గదిలోకి జారిపోతుంది. అడుగు బోల్టు విప్పితే దగ్గర దగ్గర లీటరు ఆయిలు దిగింది. కంప్రెషన్ నిక్షేపంలా ఉంది.

పెట్రోలును గాజు సీసాలోకి పట్టాను. టీ డికాషన్ రంగులో ఉంది. కాసేపు ఉంచితే అడుగున వేలు మందాన వేరే పొర తేలింది. వాళ్ళు బయల్దేరిన నాటికి పెట్రోల్లో ఇథనాల్ 10 శాతం కూడా లేదు. అయినా ఇరవై రెండు నెలలు, రెండు వర్షాకాలాలు. కార్బొరేటరు గిన్నె విప్పితే పచ్చటి పొక్కు, జిగురు. పైలట్ జెట్టును వెలుతురుకు పెట్టి చూస్తే చుక్క వెలుగు రాలేదు. చోకు తీస్తే ఆగిపోవడానికి కారణం అదే. నెమ్మదిగా ఆడేటప్పుడు ఇంజనుకు పెట్రోలు ఆ సన్నని రంధ్రం గుండానే రావాలి. అది మూసుకుంటే చోకు వేసి గాలి తగ్గించినప్పుడు మాత్రమే కాస్త ఊపిరి అందుతుంది.

జెట్టును క్లీనరులో రాత్రంతా నానబెట్టి, కరెంటు తీగలోని ఒక్క రాగి పోగుతో రంధ్రం తెరిచాను. ఉక్కు సూది మాత్రం వాడకూడదు, ఇత్తడి గీసుకుపోయి రంధ్రం పెద్దదవుతుంది. ట్యాంకు కడిగి, రెండు లీటర్ల కొత్త పెట్రోలు, సరిపడా ఇంజను ఆయిలు పోశాం. నిలిచిన బండికి క్లచ్ పలకలు అతుక్కుని ఉంటాయి కనుక క్లచ్ పట్టి నాలుగుసార్లు ఊరికే కిక్కు కొట్టించాను. మోకాళ్ళ నొప్పులతో మా ఇద్దరికీ ఆ పని చేతకాదు, ఎదురింటి కుర్రాడు చేశాడు. మూడో కిక్కుకు అందుకుంది. మిగిలిన ఆయిలు కాలి పది నిమిషాలు వీధంతా పొగ. చోకు తీశాను, ఆగలేదు. ఆయన భార్య లోపలి నుంచి వచ్చి గడపలో నిలబడి, ‘ఆ చప్పుడు వినే కదండీ అన్నం వడ్డించేదాన్ని’ అన్నారు. ఫిబ్రవరిలో పొడిగింపు వచ్చింది. ఖర్చు బ్యాటరీ కాక వెయ్యి రూపాయల లోపు.

2020 ఏప్రిల్ 1 నుంచి బిఎస్ 6 నిబంధనలు వచ్చాక కొత్త బళ్ళలో దాదాపు అన్నిటికీ కార్బొరేటరే లేదు. పెట్రోలును పంపు తోడి ఇంజెక్టరు చిమ్ముతుంది. జిగురు కట్టే గిన్నె లేకపోవడం మేలే గానీ, బ్యాటరీ దిగితే పంపు తిరగదు, చాలా బళ్ళకు కిక్కు లేదు. అంటే చరిత్ర గుండ్రంగా తిరిగి మళ్ళీ బ్యాటరీ దగ్గరికే వచ్చింది. మల్టీమీటరుతో చూస్తే నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. 12.4 కంటే దిగితే చార్జి చేయించాలి. ఎలుకలు వైర్లు కొరకడం మాత్రం అన్ని కాలాల్లోనూ ఉన్నదే.

ఊరు వెళ్ళేవారికి నా సలహా ఇంతే. రెండు నెలల లోపైతే తుప్పు పట్టకుండా ట్యాంకు నింపి వెళ్ళండి. అంతకు మించితే ఖాళీ చేయించండి. కార్బొరేటరు ఉన్న బండికి కుళాయి కట్టేసి ఇంజను దానంతటదే ఆగేదాకా ఆడించండి, గిన్నె ఖాళీ అవుతుంది. బ్యాటరీ తీగ ఊడదీయండి. సైలెన్సరుకు గుడ్డ కుక్కండి, కందిరీగలు మట్టి గూడు కట్టకుండా. తిరిగొచ్చాక ఆ గుడ్డ తీసి, బండిని ఆరుబయటకు తెచ్చాకే స్టార్టు చేయండి, మూసిన గదిలో పొగ ప్రాణాంతకం. ట్యాంకులోంచి తీసిన పాత పెట్రోలును కాలవలో పారబోయకండి. దగ్గరి మెకానిక్కుకు ఇస్తే చైన్లు కడుక్కుంటాడు.