మూకీయుగపు హాస్య లఘుచిత్రములు

చలనచిత్రమునకు మాట రాకపూర్వము ముప్పదియేండ్లకు పైబడిన కాలము గడచినది. ఆ కాలమున ఒకటి రెండు రీళ్ల నిడివిలో వెలువడిన హాస్యచిత్రములు వేలకొలది. వానిలో పెక్కులు నశించినవి. మిగిలినవానిలో కొన్ని నేటికిని చూపరులను కడుపుబ్బ నవ్వించుచున్నవి. ఆ కొన్నింటి చరిత్రము తెలిసికొనదగినది.

ఈ జాతి హాస్యమును ఆంగ్లమున స్లాప్‌స్టిక్ అందురు. రెండు చెక్కపలకలను ఒకచోట బిగించి, దెబ్బ స్వల్పముగను చప్పుడు అధికముగను ఉండునట్లు చేసిన కోలకు అది పేరు. ఇటలీ దేశపు పాత నాటకములలో హాస్యగాడు దానిని చేత ధరించి వచ్చెడివాడు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడును బంగారక్కయు పరస్పరము తన్నుకొని నవ్వించుట ఎరిగిన తెలుగువారికి ఈ హాస్యము అపరిచితము కాదు.

చలనచిత్రము పుట్టిననాడే ఈ హాస్యమును పుట్టినది. 1895 డిసెంబరు 28న పారిస్ నగరమున ల్యూమియేర్ సోదరులు ప్రదర్శించిన చిత్రములలో ఒకదాని కథ యిది. తోటమాలి గొట్టముతో మొక్కలకు నీరు పెట్టుచుండును. కొంటె బాలుడొకడు వెనుకగా వచ్చి గొట్టమును త్రొక్కును. నీరేల ఆగెనోయని మాలి గొట్టపు మూతిలోనికి చూచుసరికి బాలుడు కాలెత్తును. నిమిషమైన పట్టని యీ చిత్రములో కథయు, పాత్రలును, శిక్షయు అన్నియు అమరియున్నవి.

ఫ్రాన్సు దేశమునకే చెందిన మాక్స్ లిండర్ ఈ కళకు మర్యాదను కూర్చెను. పట్టుటోపీ, చేతికర్ర, చక్కని దుస్తులు గల పెద్దమనిషి చిక్కులలో పడుటయే అతని హాస్యము. 1911 నాటి చిత్రమొకదానిలో వైద్యుడిచ్చిన క్వినైను సారాయమును త్రాగి మత్తెక్కిన మాక్సు, దారిలో ఒక్కొక్క ప్రముఖునితో కలహించి వారి పేరుచీట్లను పుచ్చుకొనును. పోలీసులు ఆ చీట్లను చూచి, అతనిని ఆయా ప్రముఖుల యిండ్లకే సగౌరవముగా చేర్చుచుందురు. చార్లీ చాప్లిన్ తన్ను లిండరునకు శిష్యునిగా చెప్పుకొనెను.

1912లో అమెరికాలో మాక్ సెనెట్ కీస్టోన్ సంస్థను స్థాపించెను. పరుగులు, పడిపాటులు, తెలివిలేని పోలీసుల గుంపులు ఆ సంస్థ చిత్రములకు ఆనవాళ్లు. అచ్చట మేబెల్ నార్మండ్ నటించుటయే కాక చిత్రములకు దర్శకత్వమును వహించెను. చాప్లిన్ 1914లో చిత్రరంగమున కాలిడినది ఈ సంస్థలోనే. అతని లఘుచిత్రములలో ఉత్తమములు 1916, 1917 సంవత్సరములలో మ్యూచువల్ సంస్థకు తీసిన పండ్రెండు.

వానిలో 1917 నాటి ‘ది ఇమ్మిగ్రంట్’ మొదట చూడదగినది. పొట్టకూటికై అమెరికాకు తరలివచ్చు పేదలు ఓడపైనుండి స్వాతంత్ర్యదేవత విగ్రహమును ఆశతో చూచుచుండగా, అధికారులు వారిని పసులమందవలె త్రాటితో అడ్డగింతురు. పిదప భోజనశాలలో చార్లీకి దొరికిన నాణెము జేబు చిల్లునుండి జారిపోవును. పది సెంట్లు తక్కువ యిచ్చినవానిని పరిచారకులు చావమోదుట అతడు చూచుచునే యున్నాడు. ఈ చిత్రము మొదట భోజనశాల కథగానే ఆరంభమై, ఓడ ఘట్టము పిదప చేరినదని 1983లో ప్రసారమైన ‘అన్‌నోన్ చాప్లిన్’ అను బ్రిటిషు డాక్యుమెంటరీ, మిగులుఫిల్ముల ఆధారమున నిరూపించినది. పుట్టిన నేలను విడిచినవారి బ్రతుకులోని భయమును ఇంత నవ్వుతో చెప్పిన చిత్రము అరుదు.

బస్టర్ కీటన్ ముఖమున నవ్వు పొడచూపదు. 1920 నాటి ‘వన్ వీక్’లో నూతన దంపతులకు పెట్టెలలో వచ్చిన విడిభాగముల యిల్లు కానుకగా లభించును. ప్రత్యర్థి పెట్టెలపై అంకెలను మార్చుటచే ఇల్లు వంకరయై నిలుచును. గాలివానకు బొంగరమువలె తిరుగును. తుదకు రైలుపట్టాలపై చిక్కిన యింటిని ఒక రైలు తాకక ప్రక్కగా పోవును. దంపతులు ఊపిరి పీల్చుకొనునంతలో రెండవ రైలు ఎదుటిదిక్కునుండి వచ్చి దానిని నుగ్గుచేయును. కీటన్ ‘అమ్మకమునకు’ అను పలకను ఆ శిథిలములపై నుంచి, భార్యతో నడచిపోవును.

మూకీల చివరికాలమున లారెల్, హార్డీలు తొందరలేని హాస్యమును సాధించిరి. 1929 నాటి ‘బిగ్ బిజినెస్’లో క్రిస్మసు చెట్లమ్మ వచ్చిన వీరిరువురు ఇంటి తలుపులను విరుగగొట్టుచుండగా, ఇంటి యజమాని వీరి మోటారుకారును ముక్కలు చేయును. ఒకరు విరుగగొట్టునపుడు రెండవవారు ఓపికతో చూచుచు నిలుచుటయే ఇందలి చమత్కారము.

ఈ సంపద మనిషి అశ్రద్ధవలన ఎంతయో నశించినది. నైట్రేటు ఫిల్ము సులభముగా నిప్పంటుకొనును, కాలక్రమమున పొడియగును. మాట వచ్చిన పిమ్మట మూకీలకు విలువ లేదని పారవేసినవారును కలరు. లారెల్, హార్డీలు నటించిన ‘ది బాటిల్ ఆఫ్ ది సెంచరీ’ 1927లో తీయబడినది. అందలి తినుబండారముల యుద్ధము బహుకాలము తునుకలుగానే మిగిలి, ఆ రెండవ రీలులో అధికభాగము 2015లో మాత్రమే దొరకినది.

తెలుగువారికిని ఈ నష్టము తెలియనిది కాదు. మచిలీపట్నమునుండి మదరాసు చేరిన రఘుపతి వెంకయ్య అచ్చట మౌంటు రోడ్డు చేరువ గెయిటీ చిత్రశాలను నిర్మించెను. అతని కుమారుడు ప్రకాశ్ 1920ల ఆరంభమున తీసిన ‘భీష్మప్రతిజ్ఞ’ నేడు లభ్యము కాదు. 1931లో మదరాసులో విడుదలయైన ‘కాళిదాసు’లో తమిళముతోపాటు తెలుగు మాటలు వినవచ్చెను, 1932లో ‘భక్తప్రహ్లాద’ పూర్తిగా తెలుగున మాటలాడెను. అప్పటినుండి చిత్రము భాషలవారీగా చీలినది. స్వభాష తెరపై వినిపించుట గొప్ప లాభమే. కాని పొరుగువారితో కలిసి నవ్వు చోటు కొంత తగ్గినది.

ఈ చిత్రములలో పెక్కింటికి హక్కుల గడువు తీరినది. అవి ఉచితముగా లభించుచున్నవి. చేతితో త్రిప్పి తీసిన ఈ చిత్రములను అధికవేగమున నడపిన ప్రతులలో మనుషులు చీమలవలె ఉరుకుదురు. తగిన వేగముతో సిద్ధపరచిన ప్రతులను ఎన్నుకొనవలెను. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ ప్రాంతములలో పెరుగుచున్న తెలుగు బాలబాలికలకు ఇందొక ప్రయోజనము కలదు. తెరపై మాటలు లేవు గనుక, చూచినదానిని ఇంటిలో చెప్పవలెనన్న మాటలను వారే వెదకుకొనవలెను. పడినది, జారినది, తొణికినది, తడబడినది, బోర్లపడినది అని ఒక్కొక్క చేష్టకు ఒక్కొక్క తెలుగుమాట నోట పలుకుదురు. సంఘముల వార్షికోత్సవములలో ఒక సాయంకాలము ఇట్టి రెండు మూడు చిత్రములను ప్రదర్శించి, పిల్లలచే వాని కథలను తెలుగున చెప్పించినచో, నవ్వుతోపాటు నుడియు నిలుచును.