సన్నాయి పీక: కావేరి గట్టు నుండి గిరావీన్ దాకా

ఫిజీ తెలుగువారి చరిత్ర వ్రాయవలసి వస్తే మనమంతా ఓడల పేర్లు, చెరకు తోటల పేర్లు ఎత్తుకుంటాము. సన్నాయి పీక ఊసు ఎవరూ తలపెట్టరు. కనుక ఆ పని మేము చేస్తున్నాము.

దక్షిణాది కూలీలతో మద్రాసు నుండి తొలి ఓడ "ఎల్బే" 1903లో ఫిజీ చేరినది. 1916లో ఆ రాకలు నిలిచిపోయినవి. 1920 జనవరి 1న మిగిలిన గిరిమిట్లు రద్దయినవి. భజనలు, కథలు నోటితో వచ్చినవి గనుక అవి నోటనే నిలిచినవి. సన్నాయి సంగతి వేరు. దాని కర్ర తరాలపాటు వుంటుంది, నోట పెట్టుకునే పీక మాత్రం త్వరగా అరిగిపోతుంది. నాదస్వరానికి మంచి పీకలు వచ్చేది కావేరి గట్ల మీది రెల్లు నుండి. తమిళులు దానిని కొరుక్కై అంటారు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారు సైతం శ్రీరంగం చేరి, ఆ కావేరి చెంతనే స్థిరపడినారు. పీకలు అందని దీవిలో ఎంతటి విద్వాంసుని వాద్యమైనా మూగబోక తప్పదని మా అభిప్రాయము.

1987 సైనిక తిరుగుబాట్ల తరువాత మనవారు ఎందరో సిడ్నీకి తరలినారు. గిరావీన్‌కు దగ్గరలోనే, మేస్ హిల్‌లో, మురుగన్ ఆలయం వెలసినది. నేడు పీకలు విమానంలో వస్తవి. కాని ఇక్కడి గాలి వేరు. సువాలో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. అక్కడ పీకకు బూజు భయం. పశ్చిమ సిడ్నీలో ఆగస్టు గాలికి, వేసవి పడమటి గాలికి పీక ఎండి వంకరపోతుంది, చీలుతుంది. హీటరు దగ్గర పెడితే మరీ చేటు.

వాయించిన తరువాత పీకను తుడిచి నీడలో ఆరనివ్వాలి. తడిగా వుండగా మూత బిగించరాదు. ఆరిన పిమ్మట గాలి చొరని డబ్బాలో, చిన్న తేమమాపకంతో, నూటికి 45 నుండి 70 వరకు తేమలో వుంచవలెను. మాపకం నమ్మదగినదా? తడిపిన ఉప్పు గిన్నెతో కలిపి దానిని సీసాలో మూసి ఒక రోజు వుంచండి, 75 చూపాలి. మన పెద్దలకు ఈ లెక్కలు లేవు. వారు అదనపు పీకలను, సరిచేసే సూదిని దారంతో వాద్యానికే వ్రేలాడగట్టేవారు, గాలి తగిలేటట్లు. ఆ పద్ధతి ఈనాటికీ వున్నది.

ఇండియా నుండి పీకలు తెచ్చేవారు మరువకండి: అవి మొక్క సరుకు, విమానాశ్రయంలో తప్పక ప్రకటించాలి. పెళ్ళికి నాలుగు రోజుల ముందు పట్టుబడితే ఇక టేపురికార్డరే గతి.