ఐదు లక్షల డాలర్ల బేరం

1871 వేసవి, న్యూయార్క్. రండి, ఈ కుర్చీలో కూర్చోండి. ఇప్పుడు మీరే థామస్ నాస్ట్. వయసు 30. ‘హార్పర్స్ వీక్లీ’కి బొమ్మలు గీస్తారు.

మీ ముందున్నది కాగితం కాదు, తెల్లరంగు పూసిన చెక్క దిమ్మె. అంతా తిరగేసి గీయాలి: కుడి ఎడమవ్వాలి, అక్షరాలు అద్దంలో కనిపించినట్టు రాయాలి. బాక్స్‌వుడ్ చెట్టు మాను సన్నం. అందుకే చిన్న ముక్కలు బిగించి దిమ్మె చేస్తారు. మీరు గీశాక ముక్కలు విడదీసి, చెక్కేవాళ్లకు తలా ఒకటి పంచుతారు. మీ గీత ఉన్నచోట చెక్క నిలుస్తుంది, తక్కినదంతా ఉలికి పోతుంది. ఇంత కష్టపడి గీసిన అసలు బొమ్మ మాత్రం మీకు దక్కదు.

గీస్తున్నది నగర రాజకీయాల్ని ఏలుతున్న బాస్ ట్వీడ్‌ని. పెద్ద పొట్ట, చొక్కా మీద వజ్రం. నగర ఖజానా ఆయన ముఠా గుప్పిట్లో ఉంది. కొత్త కోర్టు గోడల ప్లాస్టరింగ్‌కే 28 లక్షల డాలర్ల బిల్లు! జనం సొమ్ము తిన్నదెవరు? ముఠా వాళ్లందర్నీ గుండ్రంగా నిలబెట్టండి. ప్రతివాడి వేలూ పక్కవాడి వైపే. పత్రికల రాతలంటే ట్వీడ్‌కి లెక్కలేదు. ఆయనకు ఓట్లేసేవాళ్లలో చాలామందికి చదువు రాదు. బొమ్మ అంటేనే భయం.

దెబ్బకు దెబ్బ తగులుతుంది. నగరంలోని బడులు మీ పత్రికను నడిపే హార్పర్ సంస్థ పాఠ్యపుస్తకాల్ని వద్దంటాయి. పత్రిక ప్రచురణకర్త ఫ్లెచర్ హార్పర్ మాత్రం మీ పక్కనే నిలబడతాడు.

ఒక ఆదివారం బ్యాంకు అధికారి ఒకాయన మీ ఇంటికి వస్తాడు. మెత్తగా మాట్లాడతాడు. యూరప్ వెళ్లి చిత్రకళ నేర్చుకోండి, లక్ష డాలర్లు ఇప్పిస్తాం అంటాడు.

మీ ఏడాది జీతం సుమారు 5,000.

రెండు లక్షలు అడగండి. సరే అంటాడు.

ఐదు?

దానికీ సరే.

గొంతు తడారుతుంది. లోపల భార్యాపిల్లలు.

వద్దంటారు. ఆ దొంగల్ని జైలుకు పంపుతానంటారు.

ఆయన లేస్తాడు. ముందు మీరే శవపేటికలోకి చేరకుండా చూసుకోమంటాడు.

వెళ్లిపోతాడు.

బెదిరింపులు. ఇంటి చుట్టూ కొత్త మొహాలు.

పెన్సిల్ తీయండి. గీయండి.

నవంబర్ ఎన్నికల్లో ముఠా కూలుతుంది. ట్వీడ్ తన సీటు నిలబెట్టుకున్నా తర్వాత జైలుకెళతాడు, 1875 చివర్లో తప్పించుకుంటాడు. మరుసటి సెప్టెంబర్‌లో స్పెయిన్‌లోని వీగో రేవులో అతను ఎక్కిన ఓడ ఆగుతుంది. అక్కడి అధికారుల దగ్గర మీరు గీసిన బొమ్మ ఉంది: చారల ఖైదీ బట్టల్లో ట్వీడ్, చేతికి చిక్కిన ఇద్దరు పిల్లలు. ఇంగ్లిషు రాని ఆ అధికారులు ఇతను పిల్లల్ని ఎత్తుకుపోయేవాడనుకుంటారు. బొమ్మలోని మొహంతో పోల్చి చూసి, ట్వీడ్‌ని పట్టుకుంటారు.