కొత్త ఊపిరి, పాత చెమట: భోగాపురం తీరం నేపథ్యంగా ఒక పరిశీలన

ఎండాకాలం ఉత్తరాంధ్ర తీరంలోని భోగాపురం దగ్గర జాతీయ రహదారి పక్కన పనిచేసేవాళ్ల చొక్కా వీపు మీద మధ్యాహ్నానికల్లా తెల్లగా ఉప్పు చారలు కడతాయి. మామూలు మనిషికి అది ఉతికితే పోయే మరక. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యు జబ్బు ఉన్నవారికి అదే రోగ చిహ్నం. ఈ రోగుల చెమటలో ఉప్పు ఎక్కువని 1953లో డి సాంటాగ్నీస్ బృందం చూపింది. చెమటలో క్లోరైడ్ లీటరుకు 60 మిల్లీమోల్స్ దాటితే అనుమానం గట్టిపడుతుంది. మూలకారణమైన సి.ఎఫ్.టి.ఆర్. జన్యువును 1989లో గుర్తించారు.

ఈ జబ్బుతో ఊపిరితిత్తులు బొత్తిగా చెడినప్పుడు రెండింటినీ మారుస్తారు. ఒక్కటే మారిస్తే పాతదానిలోని ఇన్‌ఫెక్షన్ కొత్తదానికి పాకుతుంది. తెలుగు రాష్ట్రాల్లో దాతల అవయవాల కేటాయింపు జీవన్‌దాన్ అనే ప్రభుత్వ కార్యక్రమం ద్వారా జరుగుతుంది. దాత ఊపిరితిత్తుల్లోని జన్యువు సవ్యంగానే ఉంటుంది కనుక వాటికి ఈ జబ్బు తిరిగి రాదు. సైనసులు, క్లోమం, పేగులు, చెమట గ్రంథులు మాత్రం రోగివే. సైనసుల్లో దాగిన సూడోమోనాస్ బ్యాక్టీరియా కొత్త ఊపిరితిత్తుల్లోకి దిగడం అందుకే. శ్వాసనాళికలు మెల్లగా పూడుకుపోయే దీర్ఘకాలిక తిరస్కరణ ఏళ్లు గడిచాక ప్రాణం తీసే పెద్ద కారణం, నిజమే. అయినా ఉక్కపోసే మన తీరంలో ముందుగా చూడవలసింది ఉప్పూ నీళ్లూ అని నా వాదన.

తిరస్కరణను ఆపే టాక్రోలిమస్ మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, రక్తపోటు పెంచుతుంది. బీపీ ఉందనగానే ‘ఉప్పు తగ్గించండి’ అనడం వైద్యులకు అలవాటు. ఈ రోగి ఆ మాట తు.చ. తప్పకుండా పాటించి, చోడి (రాగి) అంబలి కూడా చప్పగా తాగి, మే నెల ఎండలో చెమటోడ్చితే? ఒంట్లో నీరు తగ్గి, అసలే నలిగిన మూత్రపిండాలు ఇంకా దెబ్బతింటాయి. చిన్నపేగు చివర మలం జిగురుగా గట్టిపడి అడ్డుపడవచ్చు. నొప్పి కుడివైపు పొత్తికడుపులో వస్తుంది కాబట్టి అపెండిసైటిస్ అని పొరబడతారు. ఎంత ఉప్పు అన్నది అలవాటు సలహా తేల్చేది కాదు, రక్తంలో సోడియం, క్రియాటినిన్ చూసి తేల్చాలి.

మందు మోతాదుదీ ఇదే తంతు. క్లోమం పనిచేయకపోతే కొవ్వు సరిగా జీర్ణం కాదు, టాక్రోలిమస్ ఒంటబట్టడంలోనూ నిలకడ ఉండదు. అందుకు వాడే ఎంజైము మాత్రలు మానితే మోతాదు లెక్క తప్పుతుంది. వినాయక చవితికి పాలవెల్లికి కట్టే పంపర పనస తింటే రక్తంలో ఈ మందు పెరిగిపోవచ్చు. భోగాపురం దగ్గర విమానాశ్రయం కోసం నేల తవ్విన చోట్ల లేచే ధూళిలో ఆస్పర్‌జిల్లస్ బూజు బీజాలు ఉంటాయి. ఆ బూజు పట్టుకుంటే వాడే వోరికోనజోల్ కూడా టాక్రోలిమస్‌ను పెంచుతుంది. టాక్రోలిమస్ మోతాదు తగ్గించకపోతే భారం మళ్లీ మూత్రపిండాల మీదే.

మార్పిడి తర్వాత వాడే స్టెరాయిడ్లతో ముదిరే మధుమేహం, గుల్లబారే ఎముకలు ఎటూ ఉన్నవే. పెద్దపేగు క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువ కనుక, ఈ జబ్బుతో మార్పిడి జరిగినవారికి 30 ఏళ్ల నుంచే కొలనోస్కోపీ చేయించాలని అమెరికా మార్గదర్శకాలు 2018లో చెప్పాయి.

మార్పిడి చేసే ఆసుపత్రులకు ఒక విన్నపం: ఈ రోగిని ఉత్తరాంధ్ర తీరానికి పంపేటప్పుడు, డిశ్చార్జి కాగితంలో మందుల పట్టీ పక్కనే వేసవికి ఉప్పు, నీళ్ల లెక్క కూడా రాసివ్వండి.