రోడ్డు ఎవరిది? 2020లో సైకిల్ రేసులు మళ్లీ మొదలైన తీరు

2020 ఫిబ్రవరి 27 రాత్రి కరోనా కారణంగా యుఏఈ టూర్ సైకిల్ రేసు అర్ధాంతరంగా ఆగిపోయింది. మిగిలిన రెండు అంచెలు రద్దు చేసి ఆడమ్ యేట్స్‌ను విజేతగా ప్రకటించారు. జట్లను అబుదాబిలో హోటల్ దాటనివ్వకుండా పరీక్షలు చేశారు. మార్చి 14న పారిస్–నీస్ రేసు ఒకరోజు ముందే ముగిసింది. ఆ తర్వాత నాలుగున్నర నెలలు అగ్రశ్రేణి సైక్లింగ్ లేదు. ఆగస్టు 1న ఇటలీలో సియెనా చుట్టుపక్కల తెల్లమట్టి దారుల మీద స్ట్రాడే బియాంకేతో అది మళ్లీ మొదలైంది. ఈ పునఃప్రారంభం గురించి తరచు వినిపించే కథనం ఒకటుంది: అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య (యూసీఐ) మే 5న కొత్త క్యాలెండర్ ప్రకటించింది, వైద్య నిబంధనలు రాసింది, రైడర్లను బయటివాళ్లకు దూరంగా ఉంచింది, ఆట గట్టెక్కింది. ఇందులో అబద్ధం లేదు, కానీ అసలు నిర్ణయం తీసుకున్నవాళ్లు ఇందులో కనిపించరు. ఏ రేసు జరగాలో, ఏది ఆగాలో చివరికి తేల్చింది రోడ్డు ఎవరి అధీనంలో ఉందో వాళ్లే. అంటే మేయర్లు, ప్రిఫెక్టులు (జిల్లా స్థాయిలో ప్రభుత్వ ప్రతినిధులు), స్థానిక ప్రభుత్వాలు.

మిగతా ఆటలతో పోల్చి చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. అదే ఏడాది సెప్టెంబరులో ఐపీఎల్ దుబాయ్, అబుదాబి, షార్జాలకు తరలిపోయింది. మూడు స్టేడియాలు, కొన్ని హోటళ్లు, మధ్యలో బస్సులు. గేట్లు మూసేస్తే బయో బబుల్ (బయటివాళ్లకు దూరంగా ఉంచే వలయం) సిద్ధం. సైకిల్ రేసుకు గేటు లేదు, టికెట్ లేదు. టూర్ ద ఫ్రాన్స్ మూడు వారాలు వందల ఊళ్ల నడివీధుల గుండా సాగుతుంది. జనం తమ గుమ్మంలో నిలబడే చూస్తారు. టికెట్ డబ్బు లేదు కాబట్టి జట్లు ప్రధానంగా స్పాన్సర్ల మీద బతుకుతాయి, స్పాన్సర్లు టీవీ మీద. అందుకే రేసు లేని ప్రతి నెలా జట్లకు ప్రాణాపాయమే. ఒక పోలిష్ చెప్పుల కంపెనీ స్పాన్సర్ చేసిన సీసీసీ జట్టు ఆ ఏడాది చివరికి మూతపడింది.

రోడ్డు చేతిలో ఉన్నవాళ్లదే నిర్ణయమనడానికి మొదటి గట్టి సాక్ష్యం మిలాన్–సాన్ రేమో. శతాబ్దానికి పైబడి ఈ రేసు తుర్కీనో కనుమ దాటి లిగురియా సముద్రతీరం వెంట సాగేది. తేదీ మార్చి నుంచి ఆగస్టు 8కి మారడంతో సవోనా ప్రాంతపు తీరపట్టణాల మేయర్లు కుదరదన్నారు. వాళ్ల కారణాలు చాలా మామూలువి. వేసవి శనివారం, పర్యాటకులతో కిక్కిరిసిన రోడ్డు, అప్పటికే కరోనాతో దెబ్బతిన్న వ్యాపారం. నిర్వాహకులకు గత్యంతరం లేక దారిని లోపలికి, పీడ్‌మాంట్ కొండల మీదుగా మళ్లించారు. దూరం 305 కిలోమీటర్లకు చేరింది. తీరం వెంట వరసగా వచ్చే మూడు చిన్న కొండలూ పోయాయి, చివరి చిప్రెస్సా, పోజ్జో మాత్రం మిగిలాయి. గెలిచింది వౌట్ వాన్ ఆర్ట్. అంతటి చరిత్ర ఉన్న రేసు రూపురేఖల్ని ఏ వైద్య కమిటీ ఆదేశమూ మార్చలేదు. కొన్ని పట్టణాల అభ్యంతరం మార్చింది. ప్రపంచ చాంపియన్‌షిప్ సంగతీ ఇంతే. వెయ్యిమందికి మించి గుమిగూడరాదన్న నిషేధాన్ని స్విట్జర్లాండ్ పొడిగించడంతో ఎగ్ల్–మార్తిన్యీ పోటీలు రద్దయ్యాయి. ఆదరించడానికి ఇటలీలోని ఇమోలా ముందుకొచ్చింది కాబట్టే సెప్టెంబరు చివర్లో అవి జరిగాయి.

టూర్ ద ఫ్రాన్స్ ఆగస్టు 29న నీస్‌లో మొదలయ్యే నాటికి ఆ జిల్లా ఫ్రెంచి ప్రభుత్వం ప్రకటించిన కరోనా రెడ్ జోన్‌లో ఉంది. ఒక జట్టులో ఏడు రోజుల్లో ఇద్దరికి పాజిటివ్ వస్తే జట్టంతా ఇంటికే అన్నది నిబంధన. రేసు ముందురోజు దాన్ని సడలించి, సిబ్బందిని లెక్కలోంచి తీసేశారు. ఆరంభానికి కొన్ని గంటల ముందు ఫ్రెంచి ప్రభుత్వం జోక్యం చేసుకుని మళ్లీ బిగించింది. సొంత రేసులో సొంత నిబంధన మీద కూడా ఆఖరి మాట సైక్లింగ్‌ది కాలేదు. మొదటి విశ్రాంతి రోజు పరీక్షల్లో నాలుగు జట్ల సిబ్బందిలో ఒక్కొక్కరికి పాజిటివ్ వచ్చింది. టూర్ డైరెక్టర్ క్రిస్టియన్ ప్రుదోమ్‌కూ వచ్చింది. రెండు రోజుల ముందు ఆయన కారులో ప్రయాణించిన అప్పటి ఫ్రాన్స్ ప్రధాని జాన్ కాస్టెక్స్ కూడా అందరికీ దూరంగా ఉండాల్సి వచ్చింది. రైడర్లలో మాత్రం ఒక్కరికీ రాలేదు. సెప్టెంబరు 20న పారిస్‌లో ఇరవై ఒక్కేళ్ల తదేయ్ పొగాచర్ విజేత పసుపు జెర్సీతో నిలిచాడు.

మరి ఇది వైద్య నిబంధనల విజయం కాదా అని అడగవచ్చు. కొంతవరకు అవును. ఆ పరీక్షలూ దూరాలూ లేకపోతే పెలోటాన్ (రైడర్ల గుంపు) పారిస్ చేరేది కాదనే నా నమ్మకం. కానీ అవే తరహా ఏర్పాట్లతో అక్టోబరులో జరిగిన జీరో డిటాలియా ఏమైందో చూడండి. సైమన్ యేట్స్ పాజిటివ్‌తో తప్పుకున్నాడు. మొదటి విశ్రాంతి రోజు తర్వాత మిచెల్టన్–స్కాట్, యుంబో–విస్మా జట్లు పూర్తిగా వెళ్లిపోయాయి. రేసును ముందే ముగించమని ఈఎఫ్ జట్టు కోరింది. అయినా జీరో మిలాన్ దాకా వెళ్లింది, ఎందుకంటే ఇటలీలో ఎవరూ దానికి రోడ్డు మూయలేదు. స్పెయిన్ వుయెల్టా కథ దీనికి తలకిందులు. ఉట్రెక్ట్ ఆరంభం రద్దయి ఆ రేసు 18 అంచెలకు కుదించుకుపోయింది. ఫ్రాన్స్ అధికారులు అనుమతించక తూర్మలే శిఖరం వదులుకుని ఫోర్మిగల్‌తో సరిపెట్టుకుంది. నిబంధనలు రైడర్ ఒంటిని కాపాడగలవు గానీ సరిహద్దును తెరవలేవు.

ఇంకో ఆక్షేపణ బలమైనది: ఇదంతా డబ్బు కోసం జరిగింది కదా? రేసు నడపాలన్న ఆరాటం డబ్బుదే, కాదనలేం. కానీ ఏది జరిగింది, ఏది జరగలేదు అన్నది డబ్బుతో అర్థం కాదు. టూర్, లియేజ్–బాస్టోన్–లియేజ్, పారిస్–రూబే మూడూ ఒకే కంపెనీవి. మొదటి రెండూ జరిగాయి. అక్టోబరు 25న జరగాల్సిన రూబే మాత్రం రద్దయింది, ఎందుకంటే లీల్ మహానగర ప్రాంతాన్ని అత్యధిక ప్రమాద స్థాయికి చేర్చిన అధికారులు అక్టోబరు 9న కాదన్నారు. బెల్జియంలో ఫ్లాండర్స్ రేసు అక్టోబరు 18న జరిగింది. ఇళ్లలోనే ఉండి టీవీలో చూడమని నిర్వాహకులు అభిమానులను వేడుకున్నారు. రెండు రేసులూ అభిమానుల మనసుల్లో సమానమే. రెండు ప్రభుత్వాల తూకం వేరు. ఈ తూకం ఒక్కోచోట ఒక్కోలా ఉండటం అన్యాయమని రైడర్లకు అనిపించి ఉంటే తప్పు పట్టలేం. కానీ గుంపు చేరితే జబ్బు మోయాల్సింది ఆ ఊరి ఆసుపత్రే. అలాంటప్పుడు ఊరి మాట చెల్లడమే న్యాయం.

ఈ ఏర్పాటుకు మూల్యం అందరూ సమానంగా చెల్లించలేదన్నది మాత్రం బాధాకరం. ఇమోలాలో అండర్–23, జూనియర్ పోటీలు లేనే లేవు. టూర్‌కు ప్రభుత్వ పెద్దల దృష్టి దక్కింది, చిన్న రేసులకు అడిగే గొంతే లేదు. అందరికంటే ఎక్కువ చేదు రూబేలో పోటీపడాల్సిన మహిళా రైడర్లకు మిగిలింది. పురుషుల రేసు మొదలైన 1896 నుంచి అప్పటిదాకా వాళ్లకు రూబే రాళ్ల దారి మీద పోటీ లేదు. మొట్టమొదటిది ఆ 2020 అక్టోబరు 25నే జరగాలి. అది పోయింది. 2021 ఏప్రిల్ తేదీ కూడా కరోనాతోనే పోయింది. చివరికి 2021 అక్టోబరు 2న ఆ ప్రాంతం దారి ఇచ్చింది, లిజ్జీ డెయిగ్నన్ ఒంటరిగా దూసుకెళ్లి గెలిచింది. మర్నాడు అదే రాళ్ల మీద పురుషుల రేసును సొన్నీ కోల్‌బ్రెల్లి గెలిచాడు.